ముందు నెల, తర్వాత మృగం, ఆఖర్న దేశం

"అన్నా, సింహాలు చూడాలంటే ఆఫ్రికాలో యా దేశం మంచిది?"

కొలిమిగుండ్లలో నన్ను ఈ ప్రశ్న అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. రాజమౌళి, మహేష్‌బాబు సినిమా షూటింగు 2025లో కెన్యాలో జరిగిందని తెలిశాక మరీను. నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీ నడిపే ఆయన అడుగుతాడు. సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం చేసే దంపతులు అడుగుతారు. రిటైరైన మాస్టారు అడుగుతారు. అందరికీ కావలసింది దేశం పేరే. నేను మాత్రం తిరిగి ఒకటే అడుగుతాను: "మీకు సెలవు ఎప్పుడు?"

"సెలవుదేముందన్నా, మేలో పిల్లోళ్ళకి బడి ఉండదు కదా. అప్పుడు పోయొస్తాం."

ఇదిగో, పొరపాటు ఇక్కడ మొదలైంది. ఇంకా దేశం దాకా రానేలేదు.

మార్చి చివరి నుంచి మే దాకా కెన్యా, టాంజానియాల్లో పెద్ద వానలు. కెన్యాలోని మసాయి మారాలో చాలా చోట్ల నేల మనకు తెలిసిన నేలే, నల్లరేగడి. తడిసిన రేగట్లో ట్రాక్టరు దిగబడితే ఏమవుతుందో కొలిమిగుండ్ల మనిషికి వేరే చెప్పాలా? అక్కడ దిగబడేది మీరు కూర్చున్న జీపు. గడ్డి నడుమెత్తు లేస్తుంది, అందులో పడుకున్న సింహం పది గజాల దూరంలో ఉన్నా కనపడదు. కొన్ని క్యాంపులు ఆ నెలల్లో తలుపులు మూసేస్తాయి. ఏజెంటు "సగం ధరకే సార్" అని సంబరంగా చెప్పే ప్యాకేజీ చాలాసార్లు ఈ నెలలదే. ఖర్చు తగ్గితే చాలు, పచ్చదనం చూస్తే చాలు అనుకుంటే వెళ్ళండి, తప్పు లేదు. తెలిసి వెళ్ళండి, అంతే.

ఆఫ్రికా ఒక ఊరు కాదు కదా. యాభై నాలుగు దేశాలు. దక్షిణాఫ్రికాలోని ఒక్క క్రూగర్ పార్కే, నంద్యాల విడిపోక ముందున్న కర్నూలు జిల్లా కంటే పెద్దది. జిల్లా 17,658 చదరపు కిలోమీటర్లు, పార్కు దాదాపు 19,500. అంత నేలలో ఎక్కడ వాన, ఎక్కడ ఎండ, ఏ మంద ఎక్కడ మేస్తోంది అన్నది నెలనెలా మారుతుంది. కాబట్టి అట్లాసు పక్కన పెట్టండి. గోడ మీది క్యాలెండరు తీయండి.

1. మీ సెలవు ఏ పండగకి పడుతుంది?

వేసవి సెలవులే దిక్కా? అయితే దక్షిణాఫ్రికా. భూమధ్యరేఖకు అవతలి దేశం కాబట్టి మనకు ఎండలు మండే మే నెలలో వాళ్ళకి చలికాలం మొదలవుతుంది, వానలు ఆగిపోతాయి. గడ్డి ఎండుతుంది, చెట్లు ఆకు రాలుస్తాయి, గుంటలు ఇంకుతాయి. నీళ్ళు మిగిలిన చోటికి మృగాలే నడిచి వస్తాయి. ఏప్రిల్ కంటే మే నయం, మే మొదటి వారం కంటే ఆఖరి వారం నయం. జూన్‌లో బడి తెరిచేలోపు తిరిగి రావచ్చు.

దసరాకి వీలుంటే మీ అంత అదృష్టవంతులు లేరు. సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో దాదాపు అన్ని వాకిళ్ళూ తెరిచే ఉంటాయి. వలస వచ్చిన వైల్డ్‌బీస్ట్ మందలు ఇంకా మసాయి మారా వైపు ఉంటాయి. క్రూగర్‌లో, నమీబియాలోని ఎటోషాలో, బోట్స్వానాలోని చోబేలో ఎండాకాలం ముదిరి మృగాలన్నీ నీళ్ళ దగ్గరే కాచుకుని ఉంటాయి.

సంక్రాంతికి వెళ్ళగలరా? నాకు అన్నిటికన్నా ఇష్టమైన కాలం ఇదే. జనవరి, ఫిబ్రవరిల్లో తూర్పు ఆఫ్రికాలో వానలు తెరిపి ఇస్తాయి. టాంజానియాలో సెరెంగెటికి దక్షిణాన ఎన్‌డుటు అనే మైదానంలో వైల్డ్‌బీస్ట్ మందలు ఈనుతాయి. జనవరి ఆఖరు నుంచి కొన్ని వారాల్లోనే లక్షల దూడలు. పుట్టిన కొద్ది నిమిషాలకే లేచి నిలబడి తల్లి వెంట పరుగు తీస్తాయి. తీయకపోతే పక్కనే సివంగి ఉంటుంది. కనుమ నాడు పశువుల కొమ్ములకు రంగు పూసి బయల్దేరేవాళ్ళకి ఇంతకంటే తగిన ప్రయాణం నేను చెప్పలేను. కాకపోతే పండగ సెలవులకు మరో వారం కలుపుకుని నెలాఖరుకి జరపండి.

జులై, ఆగస్టుల మాట మీకే తెలుసు. సేద్యం ఉన్నవాళ్ళకి కుదరదు, బడి పిల్లలున్నవాళ్ళకి కుదరదు. రిటైరైనవాళ్ళకి కుదురుతుంది. టీవీలో చూస్తామే, మొసళ్ళ నోట్లోంచి తప్పించుకుంటూ మందలు మారా నది దాటడం, అది ఈ కాలంలోనే. ఒక మాట చెవిన వేసుకోండి: దానికి టైంటేబుల్ లేదు. మంద ఒడ్డున గంటల తరబడి నిలబడి, ఏం తోచిందో ఏమో, వెనక్కి తిరిగి పోతుంది. మీరు మూడు రోజులు కాచుకున్నా దాటకపోవచ్చు. "గ్యారంటీగా చూపిస్తాం" అన్న ఏజెంటుతో మాట అక్కడే ఆపండి.

2. మీకు ఏ మృగం కావాలి? ఒక్కటి చెప్పండి.

"అన్నీ" అంటారు. తెలుసు. పెళ్ళి భోజనంలో ముప్ఫై వంటకాలు చూసి దేని రుచీ గుర్తుండని మనిషిలా తిరిగొస్తారు. బిగ్ ఫైవ్ అని ఏజెంట్లు ఊదరగొట్టే జాబితా కూడా అలాంటిదే. సింహం, చిరుత, ఏనుగు, ఆఫ్రికా దున్న, ఖడ్గమృగం. నడిచి వెళ్ళి వేటాడడానికి అతి ప్రమాదమైనవని పాతకాలపు వేటగాళ్ళు కట్టిన లెక్క అది. చూడడానికి వెళ్ళే మనకి ఆ లెక్కతో పనేముంది? జిరాఫీ అందులో లేదు. చీతా లేదు. మీ పిల్ల మొదట అడిగేది జిరాఫీనే.

నల్లమల అంచున పుట్టి పెరిగినవాళ్ళు తప్పకుండా అడిగే ప్రశ్న ఇంకోటి ఉంది: "పెద్దపులి కనపడుతుందా?" కనపడదు. ఆఫ్రికా అడవుల్లో పులే లేదు. ఆ విషయంలో ఆత్మకూరు మనిషి నైరోబీ మనిషి కంటే ధనవంతుడు.

చిరుత, చీతా మాటల దగ్గర తేడా వస్తుంది, జాగ్రత్త. మన చిరుత చెట్టెక్కే జంతువు, రాత్రి తిరుగుతుంది. చీతా వేరు, సన్నగా ఉంటుంది, మైదానంలో పట్టపగలు పరుగెత్తి వేటాడుతుంది. మన దేశంలో చీతా అంతరించిందని 1952లో ప్రకటించారు. 2022 సెప్టెంబరులో కునో పార్కుకి తెచ్చిన ఎనిమిదీ నమీబియావి, మరుసటి ఫిబ్రవరిలో వచ్చిన పన్నెండూ దక్షిణాఫ్రికావి. మీకు చీతా కావాలంటే బయలు ఎక్కువున్న సెరెంగెటి, మారా. చిరుత కావాలంటే చెట్లూ వాగులూ ఉన్న జాంబియాలోని సౌత్ లువాంగ్వా, లేదా క్రూగర్ పక్కనున్న ప్రైవేటు అడవులు. ఫోన్లో మాట్లాడేటప్పుడు ఏది కావాలో రెండుసార్లు చెప్పండి.

ఏనుగులైతే చోబే. లేదా కెన్యాలోని అంబోసెలి, మబ్బు తొలిగితే వెనకాల కిలిమంజారో కనిపిస్తుంది. ఖడ్గమృగమైతే కెన్యాలో నకూరు సరస్సు, టాంజానియాలో ఎన్గోరొంగోరో, దక్షిణాఫ్రికాలో హ్లుహ్లువే-ఇమ్ఫొలోజి. తెల్ల ఖడ్గమృగం దాదాపు తుడిచిపెట్టుకుపోయే దశలో మిగిలిన కొద్దిపాటి మంద ఈ ఇమ్ఫొలోజిలోనే బతికింది. 1960లలో ఇక్కడి నుంచే వాటిని పట్టి ఇతర పార్కులకి పంపారు.

గొరిల్లా మీద మనసు పడితే ఉగాండా, రువాండా. పర్మిట్టు ఒక్కటే ఉగాండాలో 800 డాలర్లు, రువాండాలో 1500. మనిషికి. గొరిల్లాల దగ్గర ఉండనిచ్చేది గంటసేపు. కొండలెక్కాలి, బురదలో జారాలి. పదిహేనేళ్ళ లోపు పిల్లల్ని రానివ్వరు. మోకాళ్ళ నొప్పులున్న అత్తగారిని తీసుకెళ్దామనుకుంటే ఈ పేరా మర్చిపోండి.

3. జీపులో ఎవరెవరు కూర్చుంటారు?

ఒక ఇంటిని ఊహించుకోండి. భార్యాభర్తలు, ఏడేళ్ళ పాప, అరవై ఎనిమిదేళ్ళ నాన్న. వీళ్ళకి సెరెంగెటి ప్యాకేజీ కొనిపెట్టాడు అన్నకొడుకు. అరూషా నుంచి సెరెంగెటి నడిమికి రోడ్డున ఒక పూట మొత్తం పడుతుంది, సగానికి పైగా దుమ్ము, గతుకులు. డ్రైవర్లు దాన్ని నవ్వుతూ "ఆఫ్రికన్ మసాజ్" అంటారు. నాన్నకి నడుము పట్టేసింది. పాప మూడోరోజు "ఇంక నాకు జీబ్రాలొద్దు, స్విమ్మింగ్ పూల్ కావాలి" అని ఏడుపు. తప్పెవరిది? సెరెంగెటిది కాదు.

ఇదే కుటుంబం క్రూగర్‌కి వెళితే తారు రోడ్లు, పార్కు లోపలే విశ్రాంతి క్యాంపులు, మధ్యాహ్నం పడుకునే వీలు. కారు అద్దెకు తీసుకుని మీరే నడుపుకోవచ్చు. మనలాగే ఎడమ పక్కనే నడపాలి. తారు మీద గంటకు 50 కిలోమీటర్లు, మట్టి దారిలో 40 దాటకూడదు, చీకటి పడకముందే క్యాంపు గేటు లోపల ఉండాలి. కారు దిగకూడదు. ఫొటో కోసం కూడా.

మలేరియా సంగతి. "మనకి మలేరియా కొత్తా అన్నా?" అని తీసిపారేస్తారు కొందరు. ఆఫ్రికాలో ఎక్కువగా ఉండేది ఫాల్సిపారం రకం, ప్రాణం మీదికి తెచ్చేది. మనకు ఎప్పుడో వచ్చిపోయిన జ్వరం అక్కడ కాపాడదు. క్రూగర్‌కీ, తూర్పు ఆఫ్రికాకీ డాక్టరు రాసిచ్చిన మాత్రలు వాడాలి. మరీ చిన్నపిల్లలో, గర్భిణులో ఉంటే మలేరియా లేని పార్కులు దక్షిణాఫ్రికాలో ఉన్నాయి: పిలానెస్‌బర్గ్, మడిక్వే, ఆడో ఏనుగుల పార్కు. అక్కడా సింహాలున్నాయి.

ఇంత ఖర్చు పెట్టే ముందు ఒక చిన్న పరీక్ష పెట్టుకోమంటాను. ఆత్మకూరు దగ్గరి బైర్లూటి క్యాంపుకో, నంద్యాల-గిద్దలూరు దారిలోని పచ్చర్లకో ఒక రాత్రి వెళ్ళండి. వానాకాలంలో అడవి మూస్తారు, అది చూసుకుని వెళ్ళండి. తెల్లవారుజామున లేచి జీపులో మూడు గంటలు కూర్చోండి. పులి కనపడకపోయినా పర్లేదు. పాప ఎన్నో నిమిషానికి ఫోన్ అడిగింది? నాన్న ఎన్నిసార్లు దిగుతానన్నారు? మీకే విసుగొచ్చిందా? ఆఫ్రికాలో ఇదే పని రోజుకు రెండుసార్లు, వారం పాటు చేయాలి.

4. గేటు రుసుము విడిగా రాసుకోండి

ప్యాకేజీ ధరలు పోల్చేటప్పుడు మనవాళ్ళు హోటల్ ఫొటోలు చూస్తారు. నేను గేటు రుసుము కలిసిందా లేదా అని చూస్తాను. ఎందుకంటారా? మసాయి మారాలో విదేశీ పెద్దవాళ్ళకి 2024 నుంచి జులై మొదలు డిసెంబరు దాకా రోజుకి 200 డాలర్లు, జనవరి నుంచి జూన్ దాకా 100. ఇద్దరు, మూడు రోజులు: 1200 డాలర్లు. మన డబ్బులో లక్ష దాటింది, ఇంకా గదీ, జీపూ, విమానమూ లెక్కలోకి రాలేదు. అదే జనవరిలో సగం.

ఎన్గోరొంగోరోలో మరో రకం. 600 మీటర్ల లోతున్న ఆ అగ్నిపర్వతపు గుంతలోకి దిగే ప్రతి బండికీ 250 డాలర్లు, పైన పన్ను. మనుషుల రుసుము వేరే. బండి రుసుము నలుగురు పంచుకుంటే సరిపోతుంది, ఇద్దరే వెళితే బరువు. అందుకే టాంజానియాకి రెండు జంటలు కలిసి వెళ్ళమంటాను. అయితే ఎవరితో వెళుతున్నారో చూసుకోండి. ఫొటోల పిచ్చి ఉన్నాయన, "ఇంక పోదాం పదండి" అనేవాడు ఒకే జీపులో పడితే ఆరో రోజుకి మాటలుండవు.

చేతిలో డబ్బు తక్కువుంటే దక్షిణాఫ్రికా, లోటు లేకపోతే బోట్స్వానా. ఒకవాంగో డెల్టాలో కావాలనే తక్కువ మందిని రానిచ్చి ఎక్కువ వసూలు చేస్తారు, చాలా క్యాంపులకి చిన్న విమానంలోనే చేరాలి. అంగోలా కొండల్లో పడ్డ వాననీళ్ళు నెలలు నడిచి వచ్చి, ఇక్కడ చినుకు లేని జూన్-ఆగస్టుల్లో డెల్టాని ముంచుతాయి. ఎడారిలో వరద. చూసి తీరాల్సిందే, కానీ మొదటి ప్రయాణానికి వద్దు.

5. రాత్రులు కాదు, ఉదయాలు లెక్కపెట్టండి

"ఆరు రాత్రులు, ఏడు పగళ్ళు" అంటే ఏడు రోజుల సఫారీ అనుకోకండి. మొదటి రోజు విమానం, ఆఖరి రోజు విమానం, మధ్యలో నైరోబీ నుంచి మారాకి ఐదారు గంటల రోడ్డు, మళ్ళీ వెనక్కి. మృగాలు కదిలేది తెల్లవారుజామునా, సాయంత్రమూ. మీ ప్యాకేజీలో పార్కు లోపల తెల్లవారే రోజులు ఎన్ని? నాలుగుకి తగ్గితే ఒప్పుకోవద్దు. మూడు పార్కుల్లో ఒక్కో రాత్రి కన్నా ఒకే పార్కులో మూడు రాత్రులు మేలు. సఫారీ అంటే స్వాహిలీలో ప్రయాణమే కానీ, మరీ ఇలా ప్రయాణంలోనే గడపమని కాదు.

6. టీకా, కాగితాలు

కెన్యా, ఉగాండా, ఇథియోపియాల నుంచి తిరిగొచ్చేవాళ్ళని ఎల్లో ఫీవర్ టీకా కార్డు చూపమని మన ఎయిర్‌పోర్టులోనే అడుగుతారు. లేకపోతే ఆరు రోజుల దాకా విడిగా ఉంచే అధికారం వాళ్ళకుంది. ప్రయాణానికి పది రోజుల ముందే వేయించుకోవాలి. ఒకసారి వేస్తే జీవితాంతం చెల్లుతుంది. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. అరవై దాటినవాళ్ళు ముందు డాక్టర్ని అడగాలి.

అందరూ చేసే తప్పు ఒకటుంది. దక్షిణాఫ్రికాకి వెళ్ళడానికి ఈ టీకా అక్కర్లేదని వదిలేస్తారు. టికెట్టు చవకని అడిస్ అబాబా మీదుగానో నైరోబీ మీదుగానో తీస్తారు. అక్కడ పన్నెండు గంటలకు మించి ఆగారంటే దక్షిణాఫ్రికా గేటులో కార్డు అడుగుతారు. టీకా వద్దనుకుంటే దుబాయ్ మీదుగా వెళ్ళండి.

కెన్యాకి 2024 జనవరి నుంచి వీసా బదులు ఆన్‌లైన్ అనుమతి, టాంజానియాకి ఆన్‌లైన్ వీసా, 50 డాలర్లు. దక్షిణాఫ్రికాకి కాగితాలు ఎక్కువ, పిల్లల జనన ధ్రువపత్రంతో సహా, కాబట్టి రెండు నెలలు ముందే మొదలుపెట్టండి. ఇంటిపేరు పాస్‌పోర్టులో పూర్తిగా, జనన పత్రంలో ఒక్క అక్షరంగా ఉంటే ఇప్పుడే సరిచేయించండి.

7. పచ్చడి సీసా, స్వెట్టరు

కెన్యాలో 2017 నుంచి, టాంజానియాలో 2019 నుంచి ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు నిషేధం. కారప్పొడి, పప్పుల పొడి డబ్బాల్లో పెట్టుకోండి, గుడ్డసంచిలో సర్దండి. చిన్న విమానమెక్కితే సామాను పదిహేను కిలోలే, మెత్తటి బ్యాగుల్లోనే. చక్రాల సూట్‌కేసు ఎక్కించరు. తిండికి భయపడకండి. రైలుమార్గం వేయడానికి 1890లలో వెళ్ళిన మన దేశపు కూలీల పుణ్యమా అని చపాతీ, సమోసా కెన్యా వంటింట్లో కలిసిపోయాయి. ఉగాలి అడిగి తినండి. మొక్కజొన్న పిండితో చేసిన సంగటి అది, ఆకుకూరతో తింటారు. రాగిసంగటి తిన్న చేయి దాన్ని వెంటనే గుర్తుపడుతుంది.

నంద్యాల మే ఎండ తిన్నవాళ్ళు ఆఫ్రికా ఎండకి జడిసి పల్చటి చొక్కాలే సర్దుకుంటారు. జూన్ తెల్లవారుజామున క్రూగర్‌లో పైకప్పు లేని జీపెక్కితే పళ్ళు టకటకలాడతాయి. ఎన్గోరొంగోరో గట్టు రెండువేల మీటర్ల పైన ఉంది. స్వెట్టరు, టోపీ ఉండాలి. నీలం, నలుపు బట్టలు వద్దు, ట్సెట్సె ఈగలు వాటి మీదే వాలతాయి.

8. ఇంకా తేలకపోతే డర్బన్ వైపు చూడండి

1860 నవంబరులో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ డర్బన్ రేవు చేరింది. చెరకు తోటల్లో కూలికి వెళ్ళిన మొదటి జట్టు అది. ఆ ఓడలోనూ, తర్వాతి ఓడల్లోనూ తెలుగువాళ్ళున్నారు. వాళ్ళ పిల్లలే 1931లో దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. నాలుగైదు తరాలు దాటాక భాష పలచబడినా, తెలుగు ఇంటిపేర్లు కనిపిస్తాయి. డర్బన్‌లో దిగి రెండు రోజులు ఉండి, అక్కడి నుంచి మూడు నాలుగు గంటల్లో హ్లుహ్లువే-ఇమ్ఫొలోజి. మేలో కుదురుతుంది, నాన్నకి కుదురుతుంది, మారా గేటు రుసుముతో పోలిస్తే జేబుకీ కుదురుతుంది. ఖడ్గమృగాలుంటాయి. ఏజెంట్లు ఈ దారి చెప్పరు, మీరే అడగాలి.

సంక్రాంతి ఖాళీ ఉండి, నడుం గట్టిగా ఉండి, మరో జంట తోడు దొరికినవాళ్ళు మాత్రం ఎన్‌డుటు వదలొద్దు. అక్కడికి వెళ్ళినవాళ్ళకి ఒక పని అప్పజెప్తున్నాను. డ్రైవరుకి మొదటిరోజే చెప్పి ఉంచండి: కోరి బస్టర్డ్ కనిపిస్తే ఆపమని. అతను కొంచెం వింతగా చూస్తాడు, అందరూ సింహం దగ్గర ఆపమంటారు మరి. గడ్డిలో మెడ నిక్కించి, తొందర లేకుండా, దొరబాబులా నడిచే పెద్ద పక్షి. ఎగిరే పక్షుల్లో అంత బరువైనవి అరుదు. మన బట్టమేకపిట్టకి దగ్గరి చుట్టం. ఆ పిట్ట కోసమే 1988లో మన జిల్లా రోళ్ళపాడులో అభయారణ్యం పెట్టారు, ఇప్పుడు అక్కడ దాన్ని చూశామనేవాళ్ళు దొరకడమే కష్టం. ఎన్‌డుటు గడ్డిలో దాని చుట్టం తిరుగుతుంటుంది. ఇంజను ఆపించి, అది గడ్డిలో కలిసిపోయేదాకా చూడండి.